గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ

గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ అనగా ప్రసవమైన నాటి నుండి 42 రోజుల వరకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ పరిశీలించే విధానము. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు స్థాపించిన సెర్చ్ సంస్థ 1990వ దశకంలో దీనిని 39 గ్రామాలలో అమలు చేయగా, మూడవ సంవత్సరానికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినవి. భారత ప్రభుత్వము 2011లో దీనిని దేశమంతటా ప్రవేశపెట్టినది.

ఆసుపత్రి ప్రసవమైతే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరుసార్లు, ఇంటివద్ద అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు కార్యకర్త వచ్చి బిడ్డ బరువు, ఉష్ణోగ్రత, బొడ్డు, పాలు త్రాగు తీరు చూస్తుంది.

ఎన్టీఆర్ జిల్లా (2022కు పూర్వము కృష్ణా జిల్లా) జి. కొండూరు వంటి మామిడితోటల ప్రాంతాలలో ఒక చిక్కు ఉన్నది. గర్భిణి పేరు నమోదయ్యేది అత్తవారి ఊరిలో. తొలికాన్పు మాత్రం ఆచారము ప్రకారము పుట్టింట. తల్లీబిడ్డల రక్షణ కార్డు వెంట తీసుకొనిపోయి పుట్టింటి ఊరి కార్యకర్తకు చూపకపోతే, ఆమె పేరు ఏ ఊరి జాబితాలోనూ సరిగా ఉండదు. పెద్దలు దీనిని గుర్తుంచుకొనవలెను.

ముర్రుపాలు పిండి పారబోయుట పూర్వపు అలవాటు. నిజానికి అవే బిడ్డకు తొలి రక్షణ. మొదటి స్నానము కనీసము 24 గంటలు ఆపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తక్కువ బరువు బిడ్డను తల్లి ఎదకు ఆనించి ఉంచవలెను. బిడ్డ పాలు త్రాగక పోయినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి పోవుచున్నా, 42 రోజులలోపు తల్లికి అధిక రక్తస్రావము అయినా, వెంటనే 108కు ఫోను చేయవలెను. ఈ సేవ రాష్ట్రములో 2005 ఆగష్టు 15న ప్రారంభమైనది.