అంకెల వరుస

ఆదిలాబాదు ప్రాంతము మహారాష్ట్రమునకు సరిహద్దున నున్నది. అచ్చటి అంగళ్లలో తెలుగు, మరాఠీ, ఉర్దూ భాషలు ప్రక్కప్రక్కనే వినవచ్చును. ఒక వస్తువు వెల 25 రూపాయలనుకొందము. తెలుగువారు దానిని 'ఇరువది అయిదు' అందురు. పదులు ముందు, ఒకట్లు వెనుక. మరాఠీవారు 'పంచవీస్' అనియు, ఉర్దూ మాటాడువారు 'పచ్చీస్' అనియు అందురు. ఒకట్లు ముందు, పదులు వెనుక. వెల యొక్కటే, చెప్పెడి వరుస మాత్రము వేఱు.

ఈ భేదము మన శాసనములందును కలదు. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనమున పట్టాభిషేక సంవత్సరము వేదము, అంబురాశి, నిధి అను మాటలతో చెప్పబడినది. వేదములు 4, సముద్రములు 4, నిధులు 9. వరుసగా వ్రాసిన 449 అగును. కాని యిట్టి సంఖ్యలను వెనుకనుండి చదువవలెనని నియమము. అట్లు చదివిన శకవర్షము 944, అనగా క్రీ.శ. 1022 వచ్చును. నియమము నెఱుగనివాడు చరిత్రను 495 ఏండ్లు వెనుకకు నెట్టును.

కంప్యూటరులందును ఇదే చిక్కు కలదు. కంప్యూటరు సంఖ్యలను బైట్లు అను గళ్లలో దాచును. ఒక బైటులో 0 మొదలు 255 వఱకే పట్టును. అంతకు మించినచో రెండవ బైటు కావలెను. దానిలోని ఒక్కొక్క అంకము 256కు సమానము. కొన్ని ప్రాసెసర్లు పెద్ద బైటును ముందుంచును. 1964లో వెలువడిన ఐ.బి.ఎం. సిస్టమ్ 360 అట్టిది. ఇంటెల్ ప్రాసెసర్లు చిన్న బైటును ముందుంచును. పెద్దది ముందున్న చదువుటకు అనుకూలము. చిన్నది ముందున్న ఒకట్లనుండి కూడుకొని పోవుటకు అనుకూలము. కనుక ఏ పద్ధతియు తప్పు కాదు.

తప్పు ఎచ్చట పుట్టును? రెండు పద్ధతులు కలిసిన చోట పుట్టును. కడెం జలాశయపు పూర్తి నీటిమట్టము 700 అడుగులు. ఒక పరికరము ఆ సంఖ్యను 2, 188 అను రెండు బైట్లుగా పంపినదనుకొందము. రెండు 256లు 512; దానికి 188 చేర్చిన 700. అందుకొను యంత్రము తలక్రిందుగా చదివినచో 188ని 256తో హెచ్చించి 2 చేర్చును. 48,130 అడుగులని చూపును! 2022 జూలైలో కడెమునకు మహావరద వచ్చి ఆనకట్టకే ముప్పు ఏర్పడినది. అట్టి వేళ సరియైన అంకె యెంత విలువైనదో చెప్పనక్కఱలేదు.

వింత సంఖ్య కనబడిన తప్పు వెంటనే తెలియును. కాని 257లో రెండు బైట్లును 1, 1. ఎటు చదివినను అది మారదు. అట్టి సంఖ్యతో పరీక్షించి యంత్రము సరిగా నున్నదని నమ్మినవాడు మోసపోవును.

1980లో డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ వివాదమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. 1726లో స్విఫ్ట్ రచించిన గలివర్ యాత్రలలో, గ్రుడ్డును పెద్ద కొననుండి పగులగొట్టవలెనా, చిన్న కొననుండియా యని జనులు పోరాడుదురు. కోహెన్ ఈ రెండు పక్షములకును ఆ పేర్లే పెట్టెను. ఏది మేలన్న వాదముకన్న, అందఱును ఒక్క వరుసకు ఒప్పుకొనుటయే ముఖ్యమని ఆయన తలంపు. ఇంటర్నెట్టు నియమములందు పెద్ద బైటు ముందు నడచును. కంప్యూటరులో అమర్చు పి.సి.ఐ. కార్డులు చిన్న బైటును ముందుంచును.

కావున ప్రాసెసరునకును కార్డునకును నడుమ 'డ్రైవరు' అను ప్రోగ్రాము దుబాసివలె నిలుచును. వరుసలు వేఱైనచో సంఖ్యను సరిహద్దుననే, ఒక్కమాఱే త్రిప్పవలెను. రెండు మాఱులు త్రిప్పిన మొదటి తప్పే తిరిగి వచ్చును. ఒక్కొక్క బైటులో ఇమిడిన అక్షరముల పేరును త్రిప్పినచో పేరే చెడును.

అంగడిలో బేరము చేయువారు ఎదుటివాని భాష నెఱిగి లెక్క సరిచూచుకొందురు. యంత్రములకు ఆ యెఱుక తమంత కలుగదు. వాటిని కూర్చిన మనుష్యుడే ముందుగా కల్పింపవలెను.