పూర్వుల యూరిలో బంధు సమావేశము

కోనసీమలో కనుమనాడు మొసలపల్లి చెంత జగ్గన్నతోటలో ప్రభల తీర్థము జరుగును. వ్యాఘ్రేశ్వరము, గంగలకుఱ్ఱు, వక్కలంక, పుల్లేటికుఱ్ఱు మొదలగు పదునొకండు గ్రామములనుండి ఏకాదశ రుద్రులు ప్రభలనెక్కి వచ్చి, గుడియైనను లేని యా కొబ్బరితోటలో ఒక్కపూట కొలువుదీరి, ఎవరి యూరికి వారు మఱలిపోవుదురు. కొన్ని ప్రభలను యువకులు భుజములపై నెత్తుకొని కౌశికను దాటించి, పచ్చని చేలనడుమ మోసికొని వత్తురు. చేను త్రొక్కిరని రైతు కోపింపడు. 2023వ సంవత్సరమున గణతంత్ర దినోత్సవమునకు ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముగా ఊరేగినది ఈ తీర్థమే.

మూడేండ్ల క్రిందట ఆ తీర్థము చూచి వచ్చిన రాత్రి, ఎనుబదియాఱేండ్ల మా మేనత్తగారు నన్ను పిలిచి, "దేవుళ్ళకే ఏడాదికోసారి అన్నదమ్ముల్ని చూసుకోవాలని ఉంటుంది. మీకేం వచ్చిందిరా?" అనిరి. ఆ మాటవలననే మఱుసటి యేడు మావారందఱము మా యూరిలో కూడితిమి. ఆ పనిలో నేను నేర్చినవియు, చేసిన తప్పులును పెద్దలగు మీకు విన్నవించుటకే నేటి ప్రసంగము. మీ యిండ్లలో ఇట్టి కార్యమునకు పూనుకొనువారు ముందుగా మిమ్మే గదా అడుగుదురు.

మొదట తేలవలసినది ఎవరు మనవారను ప్రశ్న. తద్దినమునాడు మనము ఉచ్చరించునది తండ్రి, తాత, ముత్తాతల పేరులు. అంతకు పైమాట చెప్పగలవారు ఏ యింటనైనను ఒకరిద్దఱే యుందురు. పెట్టె యడుగున పడియున్న పాత శుభలేఖలు, లగ్నపత్రికలు, భూముల దస్తావేజులు దీనికి మంచి యాధారములు. దస్తావేజులో వ్రాసియిచ్చినవాని పేరు మాత్రమేగాక తండ్రి పేరును, సాక్షుల పేరులును ఉండును. ఆ సాక్షులలో తఱచుగా ఒకడు జ్ఞాతియై యుండును. గయకు పోయి పిండప్రదానము చేసిన పెద్దలు అచ్చటి పండాల పుస్తకములలో తమ యూరు, వంశమువారి పేరులు వ్రాయించుట ఆచారము. ఆ పుస్తకములను వారు తరతరములుగా కాపాడుచున్నారు. ఇంక మన కరణములందురా, వారి యుద్యోగములు 1984లోనే పోయినవి. ఊరి వంశములన్నియు నోటిమీద చెప్పగల యా తరము కరిగిపోవుచున్నది. కనుక వినదలచినవారు ఆలస్యము చేయరాదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మనుమనికి తాత పేరు పెట్టుట మన యాచారము. మా వంశములో ఐదు తరములలో ఒక్క పేరే మూడుమాఱులు వచ్చినది. ఎవరు ఏ భూమి కొనిరో, ఎవరు కాశికి పోయిరో తెలియక రెండు నెలలు తికమకపడితిని. తుదకు ప్రతి పురుషుని పేరు ప్రక్కను ఆయన యిల్లాలి పేరును, ఆమె పుట్టినింటివారి యింటిపేరును చేర్చి వ్రాయగా ముడి వీడినది. తాతకును మనుమనికిని పేరొకటియే కావచ్చును గాని, భార్యల పేరులు, వారి పుట్టినిండ్లు ఒకటి గావు గదా. దత్తు పోయినవారిని పుట్టినయింటను, చేరినయింటను రెండుచోట్ల వ్రాయవలెను. లేకున్న ఒక శాఖ మొత్తము మాయమగును.

అయినను నేను మొదట వ్రాసిన వంశవృక్షములో కొమ్మలన్నియు మగవారివే. మేనత్తగారు కండ్లద్దములు పెట్టుకొని చాలసేపు వెదకి, "నేనెక్కడరా?" అనిరి. పెండ్లితో ఆడుపడుచు గోత్రము మాఱునని నేను శాస్త్రము చెప్పితిని. "గోత్రం మారింది. నేను పుట్టిన గది మారిందా?" అనిరి. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పిన నాకు బదులు తోచలేదు. కాగితము చింపి మఱల వ్రాసితిని. మొదట అఱువదిమంది తేలినచోట ఇప్పుడు నూటనలువదిమంది తేలిరి.

ఆడుపడుచుల నందఱను పిలుచుట యనగానే మాలో కొందఱికి వాటాల భయము పుట్టినది. ఉమ్మడి యాస్తిలో కుమారునితోపాటు కుమార్తెకును పుట్టుకతో హక్కు కలదని 1986లో మన రాష్ట్రమున కొంతవఱకును, 2005లో దేశమంతటికిని శాసనములు వచ్చినవి. ఆ హక్కు మనము శుభలేఖ పంపినందున పుట్టునది కాదు, పంపకున్నందున పోవునదియు కాదు. ఈ మాట విడమఱచి చెప్పినపిదప కొందఱు శాంతించిరి. ఒకరు మాత్రము కడవఱకు రాలేదు.

వాటాల మాట యెత్తితిని గనుక మా యింటి సంగతియు చెప్పవలెను. మా తాతగారి మండువాయింటిని గూర్చి నా పెదతండ్రి కుమారునికిని పినతండ్రి కుమారునికిని చాల యేండ్లుగా వ్యాజ్యము నడచుచున్నది. తాళము పెద్దవానియొద్ద నున్నది. వా రిరువురును మాటలాడుకొని పదునొకండేండ్లయినది. ఇంటిని తెఱవుమని పెద్దవానిని అడిగినచో చిన్నవాడు రాడు. చిన్నవాని సమ్మతి కోరినచో పెద్దవాడు అలుగును. కావున ఆ యింటి మాటయే యెత్తక, ప్రక్కనున్న కొబ్బరితోటలో పందిళ్లు వేయించితిమి. వాటాలు, కోర్టుల సంగతి ఆ రెండు దినములును ఎవరును ఎత్తరాదని ఆహ్వానపత్రికలోనే అచ్చు వేయించితిమి. మర్యాద కాదని కొందఱనిరి. నాకు మాత్రము అది చాల మేలు చేసినట్లే తోచుచున్నది.

కాలనిర్ణయము మఱియొక పెద్ద చిక్కు. సంక్రాంతియే మేలని యందఱును అందురు. ఆ దినములలో ఎవరి యింట వారికి పండుగ, క్రొత్తయల్లుడు అత్తవారింటికి పోవలెను, రైళ్లలో చోటు దొరకదు. వేసవిలో పిల్లలకు సెలవులున్నను గోదావరి కాలువలను మరమ్మతులకై కట్టివేయుదురు. ఎండలో నూటనలువదిమందికి నీళ్లకు వెదకికొనవలసివచ్చును. మేము మాఘమాసమున ఒక శని, ఆదివారములు నిశ్చయించితిమి. అవి పెండ్లిండ్ల దినములు గనుక వంటవారిని రెండు నెలలు ముందుగా కుదుర్చుకొంటిమి. రైలు టిక్కెట్లు 2024 నవంబరునుండి అఱువది దినములు ముందుగా మాత్రమే యిచ్చుచున్నారు. దూరపువారికి ఈ లెక్క చెప్పియుంచవలెను.

సమావేశమును వ్రతముతోగాని హోమముతోగాని ముడిపెట్టరాదని నా యనుభవము. జ్ఞాతులలో ఎవరింటనైనను ఒక పురుడో, ఒక మరణమో సంభవించినచో అందఱికిని అశౌచము వచ్చి కార్యము నిలిచిపోవును. వంశము పెద్దదైనకొలది ఈ యపాయము పెద్దది. మేము కేవలము భోజనమునకును, మాటలకును పిలిచితిమి. దైవదర్శనము ఎవరి వీలునుబట్టి వారు చేసికొనిరి.

ఖర్చులకు చందా తలకింతయని కాక సంపాదనపరులనుండి మాత్రమే తీసికొంటిమి. ఎవరెంత యిచ్చిరో ఇద్దఱికి తప్ప తెలియదు. సొమ్ము ఒకరియొద్ద, లెక్క వేఱొకరియొద్ద ఉంచితిమి. పనసపొట్టు కూర, కందబచ్చలి, పూర్ణపు బూరెలు వండించితిమి. విదేశమునుండి వచ్చిన పిల్లలు మజ్జిగ తప్ప మఱేమియు వద్దన్నారు, అది వేఱు సంగతి. వృద్ధులు నేలపై కూర్చుండలేరు గనుక బల్లలును, రాత్రివేళ దూరము పోనక్కఱలేని మఱుగుదొడ్లును ముందుగా చూచుకొనవలెను. విందు లోపించినను వృద్ధులు క్షమింతురు గాని దీనిని క్షమింపరు. మా పొలములను తరతరములుగా సాగుచేసిన కుటుంబములవారిని పిలిచి మాతో ఒకే పంక్తిలో కూర్చుండబెట్టితిమి. మా తాతగారి కాలమున అది జరుగలేదు. మాకు తెలియని మా యింటి సంగతులు అనేకము చెప్పినవారు వారే.

రెండవనాటి మధ్యాహ్నము భోజనములైనపిదప మేనత్తగారు కఱ్ఱ పట్టుకొని లేచి, తోటదాటి మండువాయింటి అరుగుమీద కూర్చుండిరి. "నేను పుట్టిన గది ఒక్కసారి చూస్తానర్రా" అని మాత్రమనిరి. ఎవరిని అడిగినదియు చెప్పలేదు. అందఱము ఊరకుంటిమి. కొంతసేపటికి పెద్దవాడు వచ్చి తాళము తీసెను. తలుపు ఉబ్బి రాకున్నందున ఒక్కనిచేత కాలేదు. చిన్నవాడు అరుగెక్కి రెండవ రెక్కను త్రోసెను.

లోపల గదిలో ఆమె గోడమీద చేయివేసి తడవుచు, "ఇక్కడ దీపపు గూడు ఉండేది" అనిరి. ఎప్పుడో దానిని పూడ్చివేసి సున్నము కొట్టియుండిరి. ఏ తాత పూడ్పించెనో ఆ యిద్దఱును ఒకరినొకరు అడుగుకొనిరి. పదునొకండేండ్లకు వారాడుకొన్న మొదటిమాట అది.

వ్యాజ్యము ఇంకను నడచుచునేయున్నది. మఱల కూడుట 2027 గోదావరి పుష్కరములలోనని అనుకొన్నాము. 2015లో మొదటినాడే రాజమహేంద్రవరపు రేవున త్రొక్కిసలాటలో ఇరువదియైదుగురికి పైగా మరణించిరి గనుక, మొదటి దినమును విడిచి, మా యూరి రేవుననే స్నానము చేయుదుము. నాడు తలుపు వేసిన పిమ్మట పెద్దవాడు తాళముచెవిని మేనత్తగారి చేతిలో పెట్టెను. ఇప్పటికిని అది ఆమెయొద్దనే యున్నది.