భయం ఎవరి కళ్లలోంచి? హారర్ కథల్లో ఉత్కంఠ పుట్టే తీరు

అడవిలో దారి తప్పిన ఒక మనిషి ఆకలితో నకనకలాడుతూ పాడుబడిన పెద్ద ఇంటి ముందుకొస్తాడు. పేరు తేవన్. పాటలు పాడి బతికే పాణన్ కులస్తుడు. బానిస బతుకు నుంచి తప్పించుకుని పారిపోతున్నాడు. ఆ ఇంటి యజమాని కొడుమోన్ పోట్టి, బ్రాహ్మడు. పొమ్మని తరిమేయాల్సిన మనిషి లోపలికి రమ్మంటాడు. నువ్వు నా అతిథివి అంటాడు. కులం పట్టింపే లేనట్టు మాట్లాడతాడు. అన్నం పెట్టిస్తాడు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన మలయాళ సినిమా ‘భ్రమయుగం’లో మనకు ఒళ్లు జలదరించేది సరిగ్గా ఇక్కడే. ఆ క్షణానికి పోట్టి తేవన్‌కు ఏ హానీ చేయలేదు. చేతిలో కత్తి లేదు. అయినా తేవన్ ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే, ‘ఒరేయ్, తినకురా, లేచి పారిపో’ అని అరవాలనిపిస్తుంది. దర్శకుడు రాహుల్ సదాశివన్ నలుపు తెలుపుల్లో, దీపాల వెలుగులో, వాన చప్పుడు మధ్య ఈ భయాన్ని కొంత తయారు చేశాడు. మిగతాది మనం ఇంటి నుంచి తెచ్చుకున్నాం. 17వ శతాబ్దపు మలబార్‌లో అలాంటి గుమ్మం అలాంటి మనిషికి ఊరికే తెరుచుకోదని మనకు తెలుసు. తేవన్‌కూ తెలుసు. కానీ ఆకలి అతన్ని ఆలోచించనివ్వడం లేదు.

హారర్ కథల్లో ఉత్కంఠ ఎలా పుడుతుందన్న ప్రశ్నకు జవాబు ఈ సన్నివేశంలోనే చాలావరకు ఉంది. కథ రాయాలని, షార్ట్ ఫిల్మ్ తీయాలని చూస్తున్న విద్యార్థి మిత్రులు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త విడమరిచి చెప్పుకుందాం. కథలు బయటపెట్టకుండా ఈ పని కుదరదు. ఆ సినిమాలు చూడనివాళ్లు చూసొచ్చి చదివినా మాకు అభ్యంతరం లేదు.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో రోజుల తరబడి మాట్లాడాడు. అందులో ఆయన చెప్పిన ఒక ఉదాహరణ సినిమా పాఠాలన్నిటిలోకీ ప్రసిద్ధం. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏదో పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు 15 సెకన్లు. ఇప్పుడు అదే సన్నివేశంలో బాంబు పెట్టడం ప్రేక్షకుడికి ముందే చూపించండి, గోడ మీద గడియారం కూడా చూపించండి. ఆ ఇద్దరూ అవే కబుర్లు చెప్పుకుంటుంటారు. ప్రేక్షకుడికి మాత్రం 15 నిమిషాలు ఊపిరాడదు. మొదటిది ఆశ్చర్యం, రెండోది ఉత్కంఠ. అద్దంలో హఠాత్తుగా మొహం కనపడటం, పిల్లి దూకడం లాంటివన్నీ మొదటి రకం. ఒకసారి పనిచేస్తాయి. రెండోసారి చూసేవాడు పాప్‌కార్న్ తింటూ చూస్తాడు.

మన దక్షిణాదిలో ఈ సూత్రాన్ని ఒంటికి పట్టించుకున్న సినిమా చెప్పమంటే మేం హారర్ సినిమా పేరు చెప్పం. మారి సెల్వరాజ్ తీసిన ‘పరియేరుమ్ పెరుమాళ్’ (2018) పేరు చెబుతాం. అందులో ఒక ముసలాయన ఉంటాడు. బక్కపలచని మనిషి. ఎవరైనా జాలిపడి సాయం చేస్తారు. కులం దాటిన ప్రేమలకు శిక్షగా హత్యలు చేయడం ఆయన పని. నీళ్లలో ఒక కుర్రాడు చనిపోతాడు. చూసినవాళ్లకు అది ప్రమాదం. ఇంకో చావూ అంతే. నిజం తెలిసింది ఆ ముసలాయనకీ, మనకీ మాత్రమే. తర్వాత ఆయన తెర మీద ఎప్పుడు కనపడినా, ఊరికే నడుస్తున్నా, మనకు గుండె దడ. పరియన్ దగ్గరికి ఆయన రావడమే హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింది బాంబు. పరియన్‌కు ఆయన ఎవరో తెలియదు. దెయ్యం లేదు, మంత్రం లేదు, కానీ ఆ ముసలాయన కన్నా భయపెట్టిన తెల్లచీర దెయ్యం మాకైతే ఏ సినిమాలోనూ తగల్లేదు.

అంటే ఉత్కంఠకు కావలసింది రెండు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం. తెలిసినవాడు ఏమీ చేయలేక వేచి చూడాల్సి రావడం. కెమెరా, శబ్దం, ఎడిటింగ్ అన్నీ ఈ రెండింటికీ ఊడిగం చేసేవే. రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో కెమెరా నేల మీద పాకుతున్నట్టు గదుల్లో తిరుగుతుంది. ఎవరో చూస్తున్నారని మనకు అర్థమవుతుంది, రేవతి పాత్రకు కాదు. యండమూరి ‘తులసిదళం’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో వేచి చూడటం అంటే ఒక వారం. తలుపు మీద చెయ్యి పడగానే ‘సశేషం’. దాని మూఢనమ్మకాల మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. పాఠకుణ్ణి ఏడు రోజులు కూర్చోబెట్టగలిగిన పనితనం మాత్రం నేర్చుకోదగ్గది.

కాగితం మీద రాసేవాళ్లకు సంగీతం ఉండదు కదా, మరి వాళ్లేం చేస్తారు? షిర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ చూడండి. 1948 జూన్‌లో ‘న్యూయార్కర్’ పత్రికలో వచ్చింది. ఎండ కాసే జూన్ ఉదయం. ఊరి చావడి లాంటి చోట జనం పోగవుతున్నారు. ఏటా తీసే లాటరీ. ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు. పిల్లలు నున్నటి రాళ్లు ఏరి జేబుల్లో నింపుకుంటున్నారు, ఒక మూల కుప్ప పోస్తున్నారు. రచయిత్రి ఆ రాళ్ల గురించి మొదట్లోనే చెప్పేసింది. పిల్లలాటే అనుకుని మనం దాటి వెళ్లిపోతాం. చీటీ వచ్చిన మనిషికి దక్కేదేమిటో చివర్లో తెలిసినప్పుడు ఆ కుప్ప గుర్తొస్తుంది. భయంకరమైన మాట ఒక్కటీ వాడకుండా, పంచాయతీ సమావేశం రిపోర్టు రాసినంత చల్లగా రాసింది. కథ అచ్చయ్యాక పత్రికకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఈ ఆచారం ఏ ఊళ్లో ఉందని అడిగినవాళ్లూ వాటిలో ఉన్నారు.

అదే ఏడాది నవంబర్ 4న ఢిల్లీలో రాజ్యాంగ సభలో అంబేద్కర్ మాట్లాడుతూ, గ్రామాన్ని ఆదర్శంగా కొలిచేవాళ్లకు గట్టి సమాధానం చెప్పారు. ఆ ప్రసంగాన్ని, ఈ కథను ఒకే రోజు చదివి చూడమని విద్యార్థులకు మా సలహా. ఊరంతా కలిసి, పేర్లు పెట్టి పిలుచుకుంటూ, పొద్దున్నే, అందరి ఎదుటా చేసే హింస ఎలా ఉంటుందో కారంచేడు, చుండూరు చరిత్ర తెలిసిన మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. జాక్సన్ పాఠకులు చాలామంది చివరి పేజీదాకా ఆగి ఉలిక్కిపడ్డారు. వెలివాడ నుంచి చదివేవాళ్లు మొదటి రాయి దగ్గరే అనుమానిస్తారు. కథ అదే. ఒకరికి ఆశ్చర్యంగా అందింది, ఇంకొకరికి ఉత్కంఠగా అందుతుంది.

ఈ విషయాన్ని తెలిసి తెలిసి వాడుకున్నవాడు జోర్డాన్ పీల్. ‘గెట్ అవుట్’ (2017) ఆయన మొదటి సినిమా. దీని స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది, ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి రచయిత ఆయనే. క్రిస్ అనే నల్లజాతి యువకుడు తెల్ల ప్రేయసి రోజ్ ఇంటికి వెళతాడు. వాళ్లు ఎంతో మంచిగా ఉంటారు. ఒబామాకు మూడోసారి కూడా ఓటేసేవాణ్ణంటాడు ఆమె తండ్రి. మేం కులం చూడం అని మొదటి పరిచయంలోనే చెప్పే మనుషులు మనకు తెలియనివాళ్లు కాదు. ఇంట్లో పని చేసే నల్ల మనిషి నవ్వుతూ ఉంటుంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి. తల్లి టీ కప్పులో చెంచా తిప్పుతుంటుంది. ఆ చిన్న చప్పుడుకే క్రిస్ ఒంటి మీద స్వాధీనం కోల్పోతాడు. ఆ తర్వాత ఎక్కడ చెంచా గలగలమన్నా ప్రేక్షకుడు కుర్చీలో సర్దుకుంటాడు.

అసలు దెబ్బ చివర్లో ఉంది. క్రిస్ ప్రాణాలకు తెగించి బయటపడ్డాడు. రోడ్డు మీద గాయపడిన తెల్ల అమ్మాయి, ఆమె మీదకు వంగి ఉన్న నల్ల యువకుడు. దూరం నుంచి ఎరుపు, నీలం లైట్లు తిప్పుకుంటూ ఒక కారు వస్తుంది. మామూలు హారర్ సినిమాలో పోలీసు బండి వచ్చిందంటే కథ సుఖాంతం. ఇక్కడ థియేటర్ మొత్తం నీరుగారిపోతుంది. ఆ కారులోంచి దిగేది క్రిస్ స్నేహితుడే అని తర్వాత తెలుస్తుంది. పీల్ మొదట తీసిన ముగింపులో నిజంగానే పోలీసులు వస్తారు, క్రిస్ జైలుకు వెళతాడు. 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో నల్లజాతి కథానాయకుడు రాత్రంతా పీనుగులతో పోరాడి బతుకుతాడు. తెల్లవారాక వెతకడానికి వచ్చిన తుపాకుల గుంపు అతన్నీ పీనుగనుకుని కాల్చేస్తుంది. ఆ చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి లైట్లు చాలు. దర్శకుడు ఒక్క ముక్క వివరించలేదు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ఫిర్యాదు రాయించుకోవడానికి గంటలు నిలబడ్డవాళ్లకు ఆ లైట్ల భాష ఇంగ్లిష్ రాకపోయినా అర్థమవుతుంది.

చెప్పకుండా దాచడంలో మాకు తెలిసినవాళ్లలో టోనీ మారిసన్‌ను మించినవారు లేరు. ‘బిలవ్డ్’ (1987)లో ఒక ఇంటిని చనిపోయిన పసిబిడ్డ పీడిస్తోందని ముందే చెబుతుంది. ఆ బిడ్డ ఎలా చనిపోయిందన్నది మాత్రం సగం పుస్తకం దాకా తుంపులు తుంపులుగా తప్ప రాదు. తీరా వచ్చినప్పుడు, బానిసలను పట్టుకుపోవడానికి వచ్చిన తెల్లవాళ్ల కళ్లలోంచి వస్తుంది. అది చదువుతూ మనం భయపడేది దెయ్యానికి కాదు. తన బిడ్డ తిరిగి బానిస కాకూడదని ఒక తల్లి ఎంతదాకా వెళ్లాల్సి వచ్చిందోనని. 1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస మహిళకు జరిగినదే దీనికి మూలం.

ఇప్పుడు మన తెలుగు దగ్గరికి వద్దాం. ఇక్కడ మాకు ఒక పేచీ ఉంది. ‘విరూపాక్ష’ (2023) సస్పెన్స్ బాగా నడిచిన సినిమా. 1979లో క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక జంటను ఊరి జనం కాల్చి చంపడంతో మొదలవుతుంది. పన్నెండేళ్ల తర్వాత ఊళ్లో చావులు మొదలవుతాయి. ప్రతి చావుకూ తర్వాతి చావును ముడివేసిన పద్ధతి గట్టిది, హాల్లో అందరితోపాటు మేమూ బిగుసుకుని కూర్చున్నాం. కానీ ఆ బిగువు నిలవాలంటే మంత్రం నిజంగా పనిచేయాలి. మంత్రం నిజమైతే గుంపు అనుమానానికి బలం వచ్చేస్తుంది. తెర మీద అది కథ. బాణామతి, చేతబడి చేస్తున్నారని మెదక్ వైపు ఊళ్లలో మనుషుల పళ్లు ఊడగొట్టారు, మంత్రం చదవలేకుండా. చెట్టుకు కట్టి కొట్టారు. చంపారు. ఒంటరి ఆడవాళ్లు, పేదలు, దళితులు ఆ నిందకు సులువుగా దొరికారు.

దీనికి మంత్రాల కథలు రాయొద్దని మేం అనం. బాంబు ఏ బల్ల కింద ఉందో తేల్చుకుని రాయమంటాం. అదే ఊరు, అదే పుకారు తీసుకోండి. ఇప్పటిదాకా కెమెరా గుంపుతో పాటు నడిచి ఆ ఇంటి తలుపు దగ్గర ఆగేది, లోపల ఏముందోనని మనం భయపడేవాళ్లం. ఈసారి కెమెరాను లోపల పెట్టండి. ఆమె పొద్దున బిందె తీసుకుని పంపు దగ్గరికి వెళితే మాటలు ఆగిపోతాయి. ఎదురింటి పిల్లకు మూడు రోజులుగా జ్వరం. ఆమె ఆ పిల్లకు అరటిపండు ఇచ్చిందని మనకు తెలుసు, పిల్ల తల్లి దాన్ని పెంటకుప్ప మీద విసిరేయడం కూడా చూశాం. ఆమె చూడలేదు. సాయంత్రం దుకాణంవాడు ఉప్పు లేదంటాడు, వెనక బస్తా కనిపిస్తూనే ఉంటుంది. రాత్రి అన్నం వండుకుంటుంటే బయట కుక్కలు మొరుగుతాయి. పక్కింటివాళ్లు వచ్చారేమోనని ఆమె ఇంకో పళ్లెం తీసి కడుగుతుంది.