మత్తులో బీపీ పడిపోతే...

కాచిగూడ స్టేషన్ నుంచి కోఠి వైపు వస్తే, ఎత్తైన స్తంభాలతో పాత బ్రిటిష్ రెసిడెన్సీ కనిపిస్తుంది. ఇప్పుడక్కడ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఒకప్పుడు ఆ రెసిడెన్సీకి సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ప్రపంచ వైద్యులందరూ హైదరాబాద్ వైపు తిరిగి చూసేలా చేశాడు.

అప్పట్లో క్లోరోఫాం మత్తులో కొందరు ఆపరేషన్ బల్ల మీదే ప్రాణాలు విడిచేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఈ తగువు తేల్చడానికి లారీ పూనుకున్నాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చారు. వందలాది జంతువులకు క్లోరోఫాం ఇచ్చి, రక్తపోటు ఎలా దిగజారుతుందో గీతలుగా నమోదు చేశారు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది ఆ రోజుల్లోనే. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె పేరు చెబుతారు.

ఊపిరే ముందు ఆగుతుంది, దాన్నే కనిపెట్టుకుని ఉండండి, రక్తపోటు పడిపోతే దానంతట అది ముప్పేమీ కాదు అని కమిషన్ తేల్చింది. ఊపిరిని కనిపెట్టుకోమన్న మాట ఎందరి ప్రాణాలో కాపాడింది. కానీ ఊపిరే ఎప్పుడూ ముందు ఆగుతుందన్నదీ, రక్తపోటు మాటా నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, పలచటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపాడు. అడ్రినలిన్ బీపీ పెంచే మందే! బీపీని పట్టించుకోకపోయినా, చూడకుండా మందు పొడిచినా ప్రమాదమే.

ఇప్పుడు క్లోరోఫాం పోయింది, ప్రొపోఫాల్ వచ్చింది. అది రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి మత్తెక్కిన కొద్ది నిమిషాల్లో, కత్తి పడకముందే, బీపీ జారడం మామూలు. సగటు రక్తపోటు 65 కంటే కిందికి పోయి అక్కడే ఎక్కువసేపు ఉంటే కిడ్నీకీ గుండెకూ దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది.

అలాంటప్పుడు మంచి మత్తు డాక్టర్ ముందు నాడి చూస్తారు. నాడి వేగంగా ఉండి, నాళాలు వదులైతే ఫినైలెఫ్రిన్ సరిపోతుంది. అది నాళాలను బిగిస్తుంది, నాడిని నెమ్మదింపజేస్తుంది. అందుకే నాడి 45కి పడిపోయిన మనిషికి అది తగదు. అక్కడ ఎఫిడ్రిన్, లేదా మన థియేటర్లలో బాగా వాడే మెఫెంటెర్మిన్ మేలు. గుండె బలహీనంగా ఉంటే నారడ్రినలిన్ వైపు మొగ్గుతారు. రక్తం పోతుంటే మాత్రం ఏ మందూ రక్తానికి బదులు కాదు. అందరికీ అలవాటు కొద్దీ మెఫెంటెర్మినే కొట్టే పద్ధతి పోవాలని నా గట్టి అభిప్రాయం.

మందు కలపడంలోనూ ప్రాణం ఉంది. ఫినైలెఫ్రిన్ ఆంపూల్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుంటుంది. ఒక్కసారికి ఇచ్చేది 50 నుంచి 100 మైక్రోగ్రాములే. అంటే ఆ ఆంపూల్‌ను 100 మిల్లీలీటర్ల సెలైన్లో కలిపి, ఒక మిల్లీలీటరో అంతకంటే తక్కువో ఇవ్వాలి. బీపీ పెంచే మందుల సిరంజీలకు ఊదారంగు లేబుల్ అతికించేది ఒక మందుకు బదులు మరొకటి ఇచ్చే పొరపాటు జరగకూడదనే.

బీపీ మాత్రల సంగతి రోగి చేతిలో ఉంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి వేసుకుని వచ్చినవాళ్లకు మత్తులో బీపీ బాగా పడిపోయి, మామూలు మందులకు లొంగకపోవచ్చు. అప్పుడు వాసోప్రెసిన్ దాకా వెళ్లాల్సి వస్తుంది. అందుకే చాలామంది డాక్టర్లు వాటిని ముందురోజు నుంచి ఆపమంటారు. మెటోప్రొలాల్, అటెనొలాల్ మాత్రం సొంతంగా మానేస్తే గుండెకు ముప్పు. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే మీ మాత్రల స్ట్రిప్పులన్నీ మత్తు డాక్టర్ ముందు పెట్టండి, ఏది ఆపాలో ఏది ఆపకూడదో రాయించుకోండి.