కాగితంపై రాసినా కంప్యూటర్‌లో అందరికీ!

మాస్టారు చెప్పే పాఠం ఒకటే. పుస్తకం అంచున పిల్లలు రాసుకునేది మాత్రం ఎవరిది వారికే. ఒకరికి అర్థమైంది పక్కవారికి అందదు. ఈ లోటు తీర్చేందుకు జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘కోస్క్రైబ్’ అనే ఏర్పాటు రూపొందించారు. దాని వివరాలను 2009లో ప్రచురించారు.

ఇందులో పాఠం అచ్చువేసిన కాగితం నిండా సన్నటి చుక్కలుంటాయి. కలంలో చిన్న కెమెరా ఉంటుంది. విద్యార్థి మామూలుగానే రాస్తాడు. ఏ పేజీలో, ఏ చోట రాశాడో ఆ చుక్కలను బట్టి కలం గుర్తిస్తుంది. ఆ రాత కంప్యూటర్‌కు చేరి, అదే పాఠం వద్ద తోటివారికి కనిపిస్తుంది.

ప్రత్యేక కలం, చుక్కల కాగితం ఖర్చు పల్లె బడులకు బరువే. అయితే నోటు పుస్తకాలు మార్చుకుని ఒకరి రాతలు ఒకరు చదువుకోవడానికి పైసా ఖర్చు లేదు.