ఇంటిల్లిపాదికీ సరిపోయే బండేదీ?

పెళ్లైన కొత్తలో స్కూటరు చాలు. పాప పుట్టాక చిన్న కారొస్తుంది. బాబు పుడతాడు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు బెజవాడ వచ్చేస్తారు. పిల్లాడికి చెవులు కుట్టించడానికి మోపిదేవి వెళ్దామనుకున్న రోజున లెక్క చూస్తే... మనుషులు ఆరుగురు, సీట్లు అయిదు! 'ఈసారి ఏడు సీట్లది తీసుకుందాం' అన్న మాట సరిగ్గా అప్పుడే పుడుతుంది.

షోరూముకి వెళ్తే రంగులూ, తెరలూ, పైకప్పు అద్దాలూ చూపిస్తారు. కానీ పెరిగే కుటుంబం అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు. చివరి వరసలో ఎవరు కూర్చుంటారు? జవాబు దొరికితే సగం కారు ఎంపిక చేసేసినట్లే.

గూడుబండి నాటి నుంచీ...

ఇల్లంతా కలిసి కదలడం కృష్ణా డెల్టాకి కొత్త కాదు. గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, బియ్యమూ వంటసామానూ సర్దుకుని గూడుబండ్లలో పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళ్లేవారు. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమానికీ అంతే. బండే మంచం, బండి పక్కనే పొయ్యి. అమెరికా, ఐరోపాల్లో కారు వెనక తగిలించుకెళ్లే చిన్నపాటి ఇల్లు- ట్రావెల్ ట్రైలర్- చేసే పనీ అదే కదా!

మనకి మాత్రం ట్రైలర్ అంటే ట్రాక్టరు ట్రక్కే. ధాన్యం బస్తాలకు చేసిన ఆ ట్రక్కులోనే తిరునాళ్లకీ పెళ్లిళ్లకీ జనాన్ని ఎక్కించడం పల్లెల్లో అలవాటైపోయింది. అది చట్టవిరుద్ధం. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మలుపులో ట్రక్కు తిరగబడితే కాపాడేదీ ఉండదు. పెద్ద కుటుంబానికి సరైన బండి కావాలనడం దర్జా కోసం కాదు, అందుకే.

ఆ అవసరాన్ని కార్ల కంపెనీలు దశలవారీగా తీర్చాయి. 1984లో మారుతి వ్యాన్ వచ్చింది. అదే తర్వాత ఆమ్నీ అయింది. 1994లో టాటా సుమో, 2000లో టయోటా క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చాయి. ఆమ్నీ, సుమోల తయారీ 2019లో ఆగిపోయింది. మధ్యతరగతికి అందే ధరలో 2012లో మారుతి ఎర్టిగా, 2019లో రెనో ట్రైబర్, 2022లో కియా కారెన్స్ వరసకట్టాయి. కారెన్స్ అయితే మన పెనుకొండ దగ్గరే తయారవుతోంది.

బామ్మనీ తీసుకెళ్లండి

కారు చూడ్డానికి భార్యాభర్తలిద్దరే వెళ్తుంటారు. అలాక్కాదు, ఇంట్లో అందరూ వెళ్లండి. అందరూ ఎక్కి కూర్చున్నాక, తలుపులు మూసి పావుగంట ఉండండి. చివరి వరసలో మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయా? ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా? మధ్య సీటుని ముందుకి జరిపి వెనక్కి వెళ్లడం ఎంత కష్టం?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని చివరి వరసకి పంపడం కుదరదు. వాళ్లకి మధ్య వరస కావాలి. కాబట్టి వెనక కూర్చునేది ఎదిగే పిల్లలే. ఈరోజు ఎనిమిదేళ్ల పాప ఆరేళ్లలో అమ్మంత ఎత్తవుతుంది. కారుని కనీసం అన్నాళ్లయినా వాడతాం. అందుకే ఇప్పుడు కాదు, అప్పుడు పడుతుందా అన్నది చూడాలి. మధ్య వరసలో విడివిడిగా రెండు సీట్లుండే ఆరు సీట్ల మోడళ్లలో నడుమ దారి ఉంటుంది, వెనక్కి వెళ్లడం తేలిక. కాకపోతే ఒక చోటు తగ్గుతుంది.

ఇక సామాను. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు, బియ్యం మూట తప్పవు కదా! ఏడు సీట్లూ నిలబెడితే డిక్కీలో ట్రైబర్‌కి మిగిలేది 84 లీటర్ల చోటు, అంటే ఒకట్రెండు స్కూలు బ్యాగులంత. చివరి సీట్లు తీసేస్తే అది 625 లీటర్లవుతుంది. ఎర్టిగాలో అందరూ కూర్చున్నా 209 లీటర్లుంటుంది. చాలా సీఎన్‌జీ మోడళ్లలో సిలిండరు ఈ చోటునే తినేస్తుంది. ఏడుగురు మనుషులూ ఏడుగురి సామానూ ఒకేసారి పట్టే చవక కారు లేదని ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

నాలుగు మీటర్ల గీత

ధరలో పెద్ద తేడా తెచ్చేది పొడవు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటని కార్లకి- పెట్రోలువైతే 1200 సీసీ, డీజిలువైతే 1500 సీసీ మించకపోతే- జీఎస్టీ 18 శాతం. ఆ గీత దాటితే 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకి 5 శాతమే. 3.99 మీటర్ల ట్రైబర్ గీతకి ఇవతల ఉంది. దాదాపు 4.4 మీటర్ల ఎర్టిగా అవతల ఉంది.

పొడవు చూడ్డానికి మరో కారణమూ ఉంది. వన్‌టౌన్ సందుల్లోనో సత్యనారాయణపురం వీధుల్లోనో ఉండేవాళ్లు ముందు గేటూ, మలుపూ టేపు పెట్టి కొలుచుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో స్తంభాల మధ్య చోటూ అంతే.

టెస్ట్ డ్రైవ్ అంటే బెంజి సర్కిల్ దాకా వెళ్లి రావడం కాదు. మనుషులందరినీ ఎక్కించుకుని కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు ఎక్కించండి. ఇంజిన్ ఆయాసపడుతుందో లేదో అక్కడ తెలుస్తుంది. అవనిగడ్డ వైపు కరకట్ట మీద కాసేపు నడపండి. గతుకుల్లో కడుపులో తిప్పేది ఎప్పుడూ చివరి వరసలోని వాళ్లకే.

మనిషికో బెల్టు

ఎంత పెద్ద బండి కొన్నా 'ఇంకొకరు సర్దుకోవచ్చు' అనడం మనకి అలవాటు. కానీ ఢీకొన్న క్షణంలో ఒళ్లో కూర్చున్న బిడ్డని ఏ తల్లీ చేతులతో ఆపలేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా మాటెలా ఉన్నా, మధ్య సీటులో కూర్చునేవారికీ మూడు చోట్ల పట్టే బెల్టు ఉందో లేదో చూడండి. చైల్డ్ సీటుని బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఏ వరసలో ఉన్నాయో అడగండి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. వాటిలో పెద్దలకీ పిల్లలకీ విడివిడిగా స్టార్లిస్తారు. పిల్లల స్టార్లు ఎన్నో తప్పకుండా చూడాలి.

ఆటోనగర్‌లో చెయ్యలేని పని లేదు, నిజమే. అలాగని అదనంగా బెంచీ సీటు వేయించకండి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే.

బీమా అంటే బెజవాడ వాళ్లకి మరో పాఠం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతంలో వేలాది వాహనాలు మునిగిపోయాయి. మామూలు సమగ్ర పాలసీ ఉన్నా, నీరు చేరి ఇంజిన్ పాడైతే ఆ నష్టం చాలాసార్లు దాని పరిధిలోకి రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి. మునిగిన కారుని స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవాలి. తాళం తిప్పితే నీరు లోపలికి వెళ్లి ఇంజిన్ దెబ్బతింటుంది.

ఏడాదికి ఎన్ని రోజులు?

చివరగా ఒక చిన్న లెక్క. నిరుటి క్యాలెండర్ తీసి, ఇంటిల్లిపాదీ కలిసి ప్రయాణించిన రోజుల్ని గుర్తుపెట్టండి. సంక్రాంతి, వేసవి సెలవులు, రెండు పెళ్లిళ్లు, ఒక తిరుపతి... అన్నీ కలిపినా పది రోజులు దాటకపోతే, మిగిలిన మూడొందల యాభై రోజులూ ఖాళీ సీట్లని మోస్తున్నట్లే. అలాంటివారు అయిదు సీట్ల మంచి కారు ఉంచుకుని, ఆ పది రోజులకీ ఇన్నోవానో టెంపో ట్రావెలరో అద్దెకి తీసుకోవడం మేలు. అయితే పసుపు నంబరు ప్లేటున్న బండే తీసుకోండి. తెల్ల ప్లేటు బండిని అద్దెకి తిప్పడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే పరిహారానికి ఇబ్బంది.

అమ్మానాన్నలు ఇంట్లోనే ఉండి, వారంవారం ఆసుపత్రికో గుడికో అందరూ కలిసి వెళ్లే ఇల్లయితే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు మూడో వరస రోజూ పనికొస్తుంది. ఆ వరస కోసం కొంత ఎక్కువ పెట్టినా దండగ కాదు.

ఏది కొన్నా ఒక్కటే కొలత. బయల్దేరేముందు ఒకసారి వెనక్కి చూస్తే ప్రతి ఒక్కరికీ ఓ సీటు, ఆ సీటుకో బెల్టు కనిపించాలి. ఆ బండే మీ ఇంటికి సరైన బండి!