చేతికి వెఱచిన చిలుక

మా వీథిలోని యొకరికి దూరదేశమునకు బదిలీ యగుటచే, వారి పంజరమును అందలి పక్షియు పోయిన సంక్రాంతికి మా యిల్లు చేరినవి. అది మన రామచిలుక కాదు. రామచిలుకను పట్టి యింట నుంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. ఈ సంగతి యెఱుగని గృహములు నేటికిని గలవు. ఇది ఆస్ట్రేలియా దేశపు కాకటీల్. బూడిదవన్నె యొడలు, పసుపుపచ్చని జుట్టు, చెక్కిళ్లపై నారింజరంగు బొట్టు, చూచుటకు ముచ్చటైన పిట్ట.

నీరు మార్చుటకై చేయి లోపల పెట్టగానే ఆ ముచ్చట తీరినది. అది పంజరమంతయు కొట్టుకొని, మూల కొదిగి, పామువలె బుసకొట్టినది. చిన్నవాడు ముద్దుచేయబోగా వాని వ్రేలు నెత్తురు వచ్చునట్లు కరచినది. పూర్వపు టింట రెక్కలు కత్తిరించుటకును మందు పోయుటకును దానిని పిడికిట పట్టెడివారని తరువాత తెలిసినది.

మా పొరపాటును దాచక చెప్పుదుము. అలవాటు చేసినచో భయము పోవునని తలచి, మందపు చేతొడుగు తొడిగి దినమున కొకమారు బలవంతముగా వెలికి తీసితిమి. వారము తిరుగులోపల మా యడుగుల చప్పుడునకే వణకసాగినది. ఒకనాటి రాత్రి చీకటిలో బెదరి, ఊచలకు కొట్టుకొని రెక్క గాయపఱచుకొన్నది. మావారు దానిని మఱియొకరి కిచ్చివేయుద మనిరి. ఇచ్చినచో దాని కది మూడవ యిల్లు.

దారి చూపినవారు మా అత్తగారు. ఆమె ప్రతి మధ్యాహ్నము పంజరము చెంత కూర్చుండి చేటలో బియ్యము ఏరుకొనెడివారు. అది మెల్లగా ఊచల దగ్గరకు వచ్చి, తల యొరగించి ఆ వ్రేళ్లనే చూచెడిది. "అమ్మాయీ, తనమీదికి వచ్చే చెయ్యంటేనే దానికి భయమే. తన పని తాను చేసుకొనే చేతిని ఏమీ అనదు, చూడు" అనిరి.

నాటినుండి చేతొడుగు మూలబడినది. బెదరినపుడు వెన్ను కాపుగా నుండునట్లు పంజరమును గోడ కానించి, మా కంటి యెత్తున నుంచితిమి. పైనుండి దిగు చేయి పిట్టకు గద్దవంటిది గదా! కొర్రవెన్నన్న దానికి ప్రాణము. దానిని గిన్నెలో వేయుట మాని, ఊచల సందున చేతితోనే చూపసాగితిమి. కడమ మేత యెప్పటివలెనే కడుపునిండ పెట్టితిమి. చిన్నపిట్టను ఆకలితో మాడ్చి మచ్చిక చేయజూచుట ప్రాణాపాయము. మొదట జానెడు వెన్నును కొసన పట్టితిమి. దినదినము పట్టు కొంచెము ముందునకు జరిపితిమి. పదునెనిమిదవ నాడు దాని ముక్కు మా వ్రేళ్లకు తగులుచుండగా తిన్నది.

ఈ పనిలో చూడవలసినది దాని జుట్టు. నిటారుగా నిలిచినచో ఉలికిపాటు. సగము వాలియున్నచో నెమ్మది. తల కంటుకొనునట్లు వెనుకకు వాల్చి బుసకొట్టినచో కాటునకు సిద్ధము. అట్లు వాల్చిన తోడనే, కరవకమునుపే, చేయి మెల్లగా వెనుకకు తీయవలెను. అట్లయిన అది మనపై పెత్తనము నేర్చునని మావారు వాదించిరి. జరిగినది వేఱు. బుసకే చేయి తొలగుచున్నదని తెలిసిన పిదప దానికి కరచు నక్కఱయే లేకపోయినది. అన్నట్లు, మేత ముట్టక ఈకలు ఉబ్బించుకొని కూర్చుండు పక్షిని బెదరినదని తలచరాదు; అది జబ్బుపడినది, వైద్యునికి చూపవలెను.

పిదప తలుపు తెరచి, అరచేత గింజలు పోసి కదలక కూర్చుండెడివారము. ఒక కాలు కఱ్ఱపైనే యుంచి, రెండవది మా వ్రేలిపై నాని, మెడ సాచి తినెడిది. అప్పుడు చేయి యెత్తవలెనని యెంత యాశ కలుగునో! మేమొకమారు ఎత్తి, నాలుగు దినముల శ్రమ పోగొట్టుకొంటిమి. రెండుకాళ్లతో తానై యెక్కినది ఏబదిమూడవ నాడు. మా అత్తగారు చేట క్రింద పెట్టి చూచిరి.

ఇప్పుడు చిన్నవాని భుజముపై కూర్చుండి, నిద్రకు ముందు ముక్కు కరకర నూరుకొనును. అది దాని సంతోషము. చేతిగడియారము మాత్రము నేటికిని దానికి కిట్టదు. మావారు పంజరము దగ్గరకు పోవునపుడు దానిని విప్పి బల్లపై పెట్టి మఱి పోవుచున్నారు.